చాచా నేర్పిన అరబ్బీ మాట

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆసుపత్రి క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చున్నప్పుడు అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళకు అమ్మ ఎప్పుడూ చేయదు. నేను సౌదీలో ఒక చిన్న ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. నా డ్యూటీ వేళలు నాకంటే అమ్మకే బాగా గుర్తుంటాయి.

"తింటున్నవా బిడ్డా?" అని అడిగింది.

"తింటున్న. ఏమైందమ్మా?"

"తినుడు కానియ్యి. మల్ల చేస్త."

"అమ్మా, ఏందో చెప్పు."

"చాచా పోయిండు బిడ్డా. పొద్దుగాల."

ఆ క్యాంటీన్‌లో నాలుగైదు దేశాల వాళ్లున్నారు. చాచా ఎవరో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి. ప్లేటు తీసి పక్కన పెట్టి వార్డుకు వెళ్లిపోయాను. సాయంత్రం వరకు సెలైన్లు మార్చాను, జ్వరాలు చూశాను, అందరినీ పలకరించాను. ఆ రోజు ఎవరికీ చెప్పలేకపోయిన సంగతే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

చాచా అంటే బాబాయి, కానీ ఆయన మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా ఎదురింటాయన. వయసులో ఉన్నప్పుడు బొగ్గుబాయిలో పనిచేశాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు. తర్వాత ఆ పని వదిలేసి సౌదీ వెళ్లి పదకొండేళ్లు ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోశాడు. ఆయన భార్య చాచీకి జబ్బు చేస్తే తిరిగొచ్చాడు. ఆమె పోయాక ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. ఒక్కతే కూతురు, మంచిర్యాలలో ఉంటుంది. ఆమె బతిమాలి తీసుకుపోతే నాలుగు రోజులుండి వచ్చేసేవాడు.

"ఆడ నెత్తిమీద ఇంకా రెండిండ్లు ఉన్నయి. నాకు నిద్ర పట్టది" అనేవాడు. అపార్టుమెంటును అలా అన్నందుకు మేము నవ్వేవాళ్లం.

ఆయన ఏ గదిలోకి వచ్చినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు, తర్వాతే అడుగు లోపల పెట్టేవాడు. మా ఇంటికొస్తే గడప పక్కనున్న కుర్చీ తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. పెళ్లిళ్లలో అన్నిటికన్నా చివరి వరుసలో, దారికి దగ్గరగా కూర్చునేవాడు. మంచం ఏడాది పొడుగునా వరండాలోనే. జల్లు కొడితే దుప్పటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకునేవాడు గానీ లోపలికి జరిగేవాడు కాదు.

ఆ వరండాలోనే ఆయన అరబ్బీ బడి నడిచేది. గల్ఫ్ వెళ్లే డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు మా దగ్గరి జైపూర్ నుంచీ పెద్దపల్లి నుంచీ కూడా వచ్చేవాళ్లు. చాచా పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి, వెనకవైపు అరబ్బీ మాటలను తెలుగు అక్షరాలలో రాసిచ్చేవాడు. నాకు సౌదీలో ఉద్యోగం ఖాయమైనప్పుడు వీసా వచ్చేదాకా మూడు నెలలు ఖాళీ దొరికింది. రోజూ నాలుగింటికి నేనూ వెళ్లి చాప మీద కూర్చునేదాన్ని.

"డ్రైవర్లకు నూరు మాటలు చాలు. నువ్వు నర్సమ్మవు. మనిషి ఏడుస్తుంటే ఎందుకేడుస్తున్నడో నీకు సమజ్ కావాలె" అన్నాడు మొదటిరోజే.

నాకు పాఠం నాటకంలా చెప్పేవాడు. తువ్వాలు తలమీద కప్పుకొని అరబ్బు ముసలమ్మ అయిపోయి మంచం మీద పడుకొని మూలిగేవాడు. నేను పక్కన నిలబడి "వేన్ అలం?" అని, అంటే నొప్పి ఎక్కడని అడగాలి. ఆయన పొట్ట చూపించి తలనొప్పి అనేవాడు. నేను తప్పు పట్టుకోవాలి. ఒకసారి తాపీ మేస్త్రీ ఒకాయన ఇది చూసి, చాచాకు నిజంగానే ఏదో అయిందనుకొని మా నాన్నను పిలుచుకొచ్చాడు.

అలాంటి ఒక సాయంత్రం నేను అడిగాను: "చాచా, భయంకరంగా ఉన్నదాన్ని వాళ్లు ఏమంటరు? ఆపరేషన్ అంటే అందరూ ముందు ఆ మాటే అంటరు గదా."

"ఖౌఫ్ అంటే తెలుసు గదా నీకు?"

"భయం."

"ఆఁ. మా ఇండ్లల్ల ఉర్దూల రోజూ అనే మాటే. అరబ్బీలకెల్లే వచ్చింది. భయపెట్టేదాన్ని ముఖీఫ్ అంటరు. పాము ముఖీఫ్. సూది ముఖీఫ్. ఆ ఖ ఉన్నది చూడు, గొంతుల చేపముల్లు ఇరికినట్టు పలకాలె."

నేను గొంతు నొప్పి పుట్టేదాకా పలికాను. తర్వాత గల్లీ అంతా చూస్తూ కనబడినవన్నీ అప్పజెప్పాను. మూలమీది ట్రాన్స్‌ఫార్మర్ ముఖీఫ్. ఎర్రకుక్క ముఖీఫ్. మా నాన్న కోపం మస్తు ముఖీఫ్. చాచా తలూపుతున్నాడు. నాకు ఉత్సాహం ఎక్కువైంది.

"మరి నాకు విమానం ఎక్కాలంటే భయమైతుంది. అదెట్ల చెప్పాలె? అనా ముఖీఫా?" అన్నాను. అనా అంటే నేను. ఆడవాళ్లు చెప్పుకునేటప్పుడు మాట చివర దీర్ఘం వస్తుందని అప్పటికే నేర్చుకున్నాను.

చాచా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గట్లన్నవనుకో, పేషెంట్లు మంచాలు దిగి ఉరుకుతరు! నన్ను చూస్తే దడుసుకుంటరు అని చెప్పినట్టైతది." కళ్లు తుడుచుకొని మళ్లీ చెప్పాడు. "భయపడేటోడు ఖాయిఫ్. ఆడమనిషైతే ఖాయ్ఫా. అనా ఖాయ్ఫా అంటే నాకు భయమైతుంది అని. ముఖీఫ్ అనేది ఆ వస్తువు ముచ్చట. ఖాయిఫ్ అనేది నీ ముచ్చట. రెండూ కలపకు."

అంటూనే ఆయన నవ్వు ఆగిపోయింది. క్యాలెండర్ కాగితం మీద రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాశాడు. రెండోదాని కింద గీత గీశాడు. ఆ గీత మీదే ఇంకోసారి పెన్ను నడిపాడు. "ఇయ్యాల్టికి చాలు బిడ్డా, ఇంటికి పో" అన్నాడు.

ఇక్కడ మా గల్లీ మాట ఒకటి చెప్పాలి. మా నాన్న ముప్పై ఏళ్లు బాయి దిగినవాడు. చాచా ప్రస్తావన వస్తే, "మంచోడే కానీ, బాయి అంటే దడుసుకొని ఉరికినోడు" అనేవాడు. గల్లీలో అందరూ అదే అనేవాళ్లు, ఆయన ముందే అనేవాళ్లు. చాచా వాళ్లకే చాయ్ పోసేవాడు.

వారం తర్వాత ఒకరోజు పెద్ద వాన. ఆ రోజు పాఠానికి నేనొక్కదాన్నే వెళ్లాను. వరండా సగం తడిసింది. చాచా కాగితం తీయలేదు.

"మీ నాయిన చెప్తడు గదా, నేను దడుసుకొని ఉరికిన్నని. నిజమే బిడ్డా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఏదో సర్దిచెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకొక జోడీ ఉండె. తొమ్మిదేండ్లు ఇద్దరం ఒక్క జాగల పనిచేసినం, ఒక్క టిఫిన్ల తిన్నం. ఒకరోజు పనికి కూసునే ముందల పైన బండను కర్రతోని కొట్టి చూసిన. మంచి బండ గంట తీరు మోగుతది. గది డొల్లగ మోగింది. వానితోని అన్న, అరే, ఇయ్యాల బండ భయంకరంగున్నదిరా అని. వాడు నవ్విండు. ఏ రోజు బాగున్నదిరా బండ, పని కానియ్యి అన్నడు. నేను గూడ నవ్విన. కానీ కాళ్లు వణుకుతున్నయి. పార చేతుల నిలుస్తలేదు. గది వానికి చెప్పలే. సిగ్గైంది."

వాన చప్పుడుకు ఆయన గొంతు సరిగా వినిపించక నేను దగ్గరికి జరిగాను.

"గంటసేపైంది. బండకు ఆనించిన కర్రదిమ్మ పటపటమన్నది. ఉరుకు అని ఒర్రుకుంట ఉరికిన. ఎనక్కి తిరిగి చూస్తే వాడున్న జాగల బండ తప్ప ఏం లేదు."

జల్లు కొడుతుంటే చాచా ప్లాస్టిక్ పట్టాను మంచం మీదికి లాగాడు.

"నేను బండ ముచ్చట చెప్పిన. నా ముచ్చట చెప్పలే. నాకు భయమైతుందిరా, నాతోని బయటికి రా అంటే వాడు వచ్చేటోడు. తిట్టుకుంటనైనా వచ్చేటోడు. తన కోసమైతే వచ్చేటోడు కాదు. నా కోసం వచ్చేటోడు."

ఆ తర్వాత ఆయన బాయి దిగలేకపోయాడు. లాంప్ రూంలో వేశారు. బాయి దిగేవాళ్లు తలకు పెట్టుకునే లైట్లను కిటికీలోంచి అందించే పని. ఎవరి నంబరు లైటు వాళ్లది. కొన్నాళ్లకు ఆ జోడీ నంబరు లైటును కొత్తగా చేరిన ఒకాయనకు కేటాయించారు. రోజూ దాన్ని చాచా తన చేత్తోనే ఇవ్వాలి. "రెండేండ్లు ఇచ్చిన. ఒకరోజు చెయ్యి లేవలే" అన్నాడు. అంతే, ఉద్యోగం వదిలేసి సౌదీ వెళ్లిపోయాడు.

"ఆడ ఒక ముసలాయనను ఆపరేషన్‌కు తోలుకపోతున్న. ఎత్తు మనిషి, ఇంత గడ్డం. నా చెయ్యి పట్టుకొని, ఖాయిఫ్ అన్నడు. నీళ్లు కావాలె అన్నంత సులువుగ అన్నడు. ఆయనను లోపల అప్పజెప్పి, బాత్రూంల తలుపేసుకొని ఏడ్చిన బిడ్డా. గింత చిన్న మాట."

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆయన లేచి చల్లారిన చాయ్ వేడిచేసి తెచ్చాడు. మేమిద్దరం వాన చూస్తూ తాగాం. ఆ మూడు నెలల్లో నేను విన్న మాటలన్నిటిలో ఆ సాయంత్రం విన్నదే నాకు పాఠం. కానీ అది పాఠమని అప్పుడు తెలియలేదు.

సౌదీలో మొదటి నెల ఎలా గడిచిందో రాయడం కష్టం. గది కిటికీలోంచి చూస్తే గోధుమరంగు నేల, దూరంగా ఒక రోడ్డు, అంతకుమించి ఏమీ లేదు. ఫోన్‌లో అమ్మకు అంతా బాగుందని చెప్పేదాన్ని. నాన్నకు అంతకన్నా బాగుందని చెప్పేదాన్ని. ఒక శుక్రవారం సెలవురోజు పొద్దంతా మంచం మీంచి లేవలేదు. సాయంత్రం చాచాకు ఫోన్ చేశాను.

"ఎట్లున్నది ఊరు?" అన్నాడు.

"ఊరు ముఖీఫ్ చాచా. ఎడారి ముఖీఫ్. హెడ్ నర్సు ముఖీఫ్" అన్నాను నవ్వు తెచ్చిపెట్టుకొని.

"అది వాటి సంగతి. నీ సంగతేంది?"

ఆయన తొందరపెట్టలేదు. అటువైపు ఆయన ఊపిరి వినబడుతోంది. చివరికి అన్నాను. తెలుగులో అనలేకపోయాను. అరబ్బీలోనే అన్నాను. "అనా ఖాయ్ఫా."

"శాబాష్. ఇప్పుడు గిదే మాట ఆడ ఎవ్వరికన్న చెప్పు. నాకు చెప్తే ఏమొస్తది, నేను గింత దూరం ఉన్న. పక్కనున్నోళ్లకు చెప్పు."

మరునాడు నా గదిలో ఉండే కేరళ అమ్మాయికి చెప్పాను. ఆమె నన్ను చూసి, తానూ వచ్చినప్పటినుంచీ బాత్రూంలో కుళాయి తిప్పుకొని ఏడుస్తున్నానని చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే గిన్నెలో వండుకున్నాం. భయం పోయిందని చెప్పను. ఒంటరితనం కూడా పోలేదు, ఇప్పటికీ అది నా గదిలోనే ఉంది. కానీ పక్కన ఇంకొకరున్నారని తెలిసింది.

ఇంకో సంగతి. ఒక ముసలమ్మను స్కానింగ్ గొట్టంలోకి పంపాలి. ఆమె రెండు చేతులూ మంచానికి అడ్డం పెట్టి "ముఖీఫ్, ముఖీఫ్" అంటూ అరుస్తోంది. టెక్నీషియన్ అది భయపడాల్సిందేమీ కాదని, ఉత్త యంత్రమని మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. ఆమె వినడం లేదు. నేను దగ్గరికి వెళ్లి "వ ఇంతి?" అన్నాను. అంటే, మరి నీ సంగతి?

ఆమె అరుపు ఆపింది. ఎవరూ అలా అడిగినట్టు లేదు. "ఖాయ్ఫా" అంది చిన్నగా. నేను నా గుండె మీద చెయ్యి వేసుకొని నేనూ అంతే అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, నర్సుకు కూడానా అన్నట్టు నవ్వి, నా వేలు పట్టుకొని పడుకుంది. అది ఎక్స్‌రే కాదు కాబట్టి నేనూ లోపల ఉండొచ్చు. స్కాన్ అయ్యేంతవరకు ఆ గదిలో, ఆ చప్పుడు మధ్య, ఆమె పాదం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఇది ఫోన్‌లో చెబితే చాచా చివరిదాకా విన్నాడు. తర్వాత "అచ్ఛా" అన్నాడు. మళ్లీ "అచ్ఛా" అన్నాడు. అంతే.

ఇప్పుడు చెప్పేది నాకు చెప్పాలని లేదు. కానీ చెప్పకపోతే ఆయన దగ్గర నేర్చుకున్నదానికి అర్థం లేదు.

పోవడానికి రెండు రోజుల ముందు చాచా దవాఖానలో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. కూతురు ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను, ముగ్గురు పేషెంట్లు పిలుస్తున్నారు.

"ఈ మిషిన్ల చప్పుడు ముఖీఫ్ బిడ్డా" అన్నాడు. గొంతు చాలా సన్నగా ఉంది.

నేను నవ్వాను. "చాచా, అరబ్బీ మర్చిపోలేదు నువ్వు!" అన్నాను. ఆక్సిజన్ మాస్కు తీయొద్దని చెప్పాను. మందులు వేళకు వేసుకోమన్నాను. మళ్లీ చేస్తానన్నాను. నర్సులు చెప్పేవన్నీ చెప్పాను. అడగాల్సిన ఒక్క మాట మాత్రం అడగలేదు. నీ సంగతేంది చాచా అని అనలేదు. ఆయన నాకు అంత స్పష్టంగా సగం మాట అందించాడు. మిగతా సగం కోసం ఆగాడేమో కూడా. నేను ఫోన్ పెట్టేశాను.

ఆయన కూతురిని నేను ఆపా అంటాను, అక్క అన్నట్టే. ఆమె చాచాను అబ్బా అంటుంది, నాన్న అన్నట్టు. వారం తర్వాత ఆమెకు ఫోన్ చేసి ఇది చెప్పుకొని ఏడ్చాను.

"నువ్వు పరేషాన్ కాకు" అంది ఆపా. "అబ్బా ఆఖరి రోజు మస్తు భయపడ్డడు. డాక్టర్ అడిగితే, ఏం భయం లేదు అన్నడు. మా ఆయనతోని గూడ గట్లనే అన్నడు. కానీ నేను చాయ్ తాగొస్తనని లేస్తే చెయ్యి ఇడువలే. బేటీ, మై డర్‌రౌఁ, కూసో అన్నడు. నేను మల్ల లేవలే."

నాకు భయమైతుంది, కూర్చో. ఆయన తన మాట చెప్పాడు. పక్కనున్న మనిషికి చెప్పాడు. నాకు కాదు. నాకు కొంత ఊరట కలిగింది, కొంత అసూయ కూడా. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను.

సెలవు దొరికేసరికి రెండు నెలలు పట్టింది. ఇంటికి చేరిన మరునాడు నాన్నను అడిగి, ఆయన స్కూటర్ వెనక కూర్చొని, చాచాను పాతిపెట్టిన ఖబరస్తాన్‌కు బయల్దేరాను. దారిలో నాన్నకు ఆ వానరోజు విన్నదంతా చెప్పాను. ఎదురుగాలికి సగం మాటలు కొట్టుకుపోయి ఉంటాయనుకున్నాను. నాన్న స్కూటర్ రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"ముప్పై ఏండ్లు దిగిన" అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఒక్కరోజు గూడ భయపడకుంట దిగలే బిడ్డా. మేమందరం గంతే. ఆయనొక్కడు బయటికి కనబడ్డడు. గందుకే ఆయనను చూసి నవ్వినం."

మళ్లీ స్టార్ట్ చేయడానికి రెండుసార్లు కిక్ కొట్టాల్సి వచ్చింది.

ఆడవాళ్లు లోపలికి పోరని నాకు తెలుసు. గేటు దగ్గరే నిలబడ్డాను. నాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, కాపలా ముసలాయనను అడిగి, నాకు కనబడేలా చెయ్యి చాపి చూపించాడు. గోడ పక్కన, ఇంకా గడ్డి మొలవని మట్టి. దాని వెనక ఓపెన్‌కాస్ట్ గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్ట, ఊరికన్నా ఎత్తుగా. నాన్న తిరిగి రాలేదు. ఆ మట్టి దగ్గర కింద కూర్చుండిపోయాడు. ఏదో మాట్లాడుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. అంత దూరం నుంచి ఏమీ వినబడలేదు.

ఖబరస్తాన్‌కూ గుట్టకూ మధ్య మట్టిరోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ ఒకటి వచ్చింది. దుమ్ము లేవకుండా వెనకనుంచి రెండు పాయలుగా నీళ్లు చల్లుకుంటూ మెల్లగా వెళ్లిపోయింది. రోడ్డంతా నల్లగా తడిసి మెరిసింది. మూడు గంటల ఎండ. చూస్తుండగానే అంచులు తెల్లబడ్డాయి. తర్వాత టైర్ల గాడుల్లో మాత్రం రెండు సన్నటి తడి గీతలు మిగిలాయి. అవి కూడా ముక్కలు ముక్కలుగా ఆరిపోతుంటే, నేను గేటు ఊచలు పట్టుకొని చూస్తూ నిలబడ్డాను.